ఎల్లల మీద వెలసిన నగరాలు: వలసపాలనకు ముందు ఆఫ్రికా

మాలి దేశంలో, బానీ నది వరద మైదానంలో జెన్నే అనే పాత పట్టణం ఉంది. అక్కడి పెద్ద మట్టి మసీదు ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఆ పట్టణానికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఒక దిబ్బ ఉంది. విరిగిన కుండ పెంకులు, నేలమట్టమైన గోడల గుర్తులు తప్ప పైకి ఇంకేమీ కనిపించవు. స్థానికులు దాన్ని జెన్నే-జెనో, అంటే పాత జెన్నే అని పిలుస్తారు. ఫ్రెంచివాళ్ళు ఆ ప్రాంతాన్ని దశాబ్దాల పాటు ఏలారు గానీ ఆ దిబ్బలో ఏముందో పట్టించుకున్నవాళ్ళు దాదాపు లేరు. 1977లో సూసన్ మెకింటాష్, రాడరిక్ మెకింటాష్ అనే పురావస్తు పరిశోధకులు తవ్వకం మొదలుపెట్టాకే దాని కింద సుమారు 1,600 ఏళ్ళ ఊరి జీవితం పొరలు పొరలుగా ఉందని బయటి ప్రపంచానికి తెలిసింది.

అన్నేళ్ళు అది ఎవరికీ పట్టకపోవడానికి కారణం ఉంది. నగరం అనగానే చాలామంది మనసులో ముందు మెదిలేది రాజుగారి కోట, రాతి కట్టడాలు, శాసనాలు, పెద్ద సమాధులు. ఈజిప్టు, మెసపొటేమియా, రోము చూపించిన నమూనా అది. జెన్నే-జెనోలో రాజభవనం దొరకలేదు, కోట లేదు, రాజుల సమాధులు లేవు. కాబట్టి దాన్ని ఎవరూ నగరంగా లెక్కవేయలేదు. ఆఫ్రికాలోని చాలా నగరాలకు ఇదే జరిగింది. కళ్ళెదుట ఉన్నా అవి మూసలో ఇమడలేదు. నేటి జింబాబ్వే దేశంలోని గ్రేట్ జింబాబ్వే లాగా ఎక్కడైనా రాయి స్పష్టంగా కనిపిస్తే, అది ఆఫ్రికన్లు కట్టింది కాదని తేల్చేశారు.

ఇంతకీ ఆ నగరాలు ఎక్కడ వెలిశాయో మ్యాపులో గుర్తుపెట్టుకుంటూ పోతే ఒక సంగతి బయటపడుతుంది. దాదాపు ప్రతి ఒక్కటీ రెండు వేర్వేరు ప్రపంచాలు కలిసే ఎల్ల మీదే ఉంది. ఎడారి ఆగి నది మొదలయ్యే చోట టింబక్టూ. గడ్డి మైదానానికీ వరద నేలకీ మధ్య జెన్నే-జెనో. సముద్రానికీ లోపలి బంగారు గనులకీ మధ్య కిల్వా. ఎగువన పీఠభూమి, దిగువన వేడి లోతట్టు నేలలు ఉన్న చోట గ్రేట్ జింబాబ్వే. ఇక్కడ పండేది అక్కడ పండదు, అక్కడ దొరికేది ఇక్కడ దొరకదు. అలాంటి చోట సరుకు చేతులు మారాలి, దాన్ని దాచాలి, కొలవాలి, పంచాయితీ తీర్చాలి, కొత్తవాళ్ళకు తలదాచుకునే చోటు చూపించాలి. ఆ పనుల చుట్టూనే ఊళ్ళు నగరాలయ్యాయి. బయటివాళ్ళ రాకతో వాటికి లాభం కలిగింది, నిజమే. కానీ పునాది మాత్రం లోపలి అవసరాల మీద పడింది.

కోట లేని నగరం

జెన్నే-జెనో ఈ మాటకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. అడుగు పొరల కాలం సుమారు క్రీ.పూ. 250. క్రీ.శ. 800 దాటేసరికి ఊరు 33 హెక్టార్లకు, అంటే 80 ఎకరాల పైచిలుకుకు పెరిగింది. చుట్టూ దాదాపు 2 కిలోమీటర్ల గోడ కట్టుకున్నారు. 1970ల దాకా పండితుల్లో ఎక్కువమంది నమ్మకం వేరు. అరబ్బు వర్తకులు ఒంటెల మీద సహారా దాటి వచ్చాకే, అంటే 8, 9 శతాబ్దాల తర్వాతే, పశ్చిమాఫ్రికాలో పట్టణాలు పుట్టాయని అనుకునేవారు. తవ్వకంలో తేలిన కాలాలు ఆ వాదాన్ని పడగొట్టాయి. అరబ్బు వర్తకులు వచ్చేసరికే అక్కడ ఊరు ఉంది, సంత ఉంది, దూరప్రాంతాల సరుకు ఉంది.

ఆ వరద మైదానంలో ఏటా నైజర్, బానీ నదులు పొంగుతాయి. వరి పండుతుంది, చేపలు పుష్కలంగా దొరుకుతాయి, నీళ్ళు తీశాక పశువులకు మేత ఉంటుంది. ఇక్కడి వరి ఆసియా నుంచి వెళ్ళింది కాదు. ఆఫ్రికా వరి వేరే జాతి. ఆ నేల మీద ఆ రైతులే అడవి గడ్డి నుంచి దాన్ని సాగులోకి తెచ్చారు. మూడు పూటలా అన్నం తినే తెలుగువాళ్ళలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువే. తిండికి ఇంత ఢోకా లేని ఆ మైదానంలో రాయి లేదు, ఇనుప ఖనిజం లేదు, రాగి లేదు, ఉప్పు లేదు. అన్నీ బయటి నుంచి రావాల్సిందే. బదులుగా ఇవ్వడానికి ధాన్యం, ఎండు చేప ఉన్నాయి. మొదటి పొరల్లోనే ఇనుప పని ఆనవాళ్ళు దొరికాయంటే, మొదటి రోజు నుంచీ ఆ ఊరు మార్పిడి మీద బతికిందన్న మాట.

ఇంకో విశేషం ఉంది. జెన్నే-జెనో ఒంటరి దిబ్బ కాదు. దాని చుట్టూ ఒక కిలోమీటరు లోపే ఇంకో 25 దాకా దిబ్బలు ఉన్నాయి. చాలావరకు ఒకే కాలంలో మనుషులు వాటిలో ఉన్నారు. కొన్నిచోట్ల ఒక వృత్తికి సంబంధించిన ఆనవాళ్ళు ఎక్కువగా కనిపించాయి. దీన్నిబట్టి తవ్వినవాళ్ళు ఒక ప్రతిపాదన చేశారు. కమ్మరులు, కుమ్మరులు, జాలరులు, వరి రైతులు, పశువుల కాపరులు ఎవరి దిబ్బ మీద వాళ్ళు ఉంటూ, ఎవరి కట్టుబాట్లు వాళ్ళు పాటిస్తూ, రోజూ ఒకరితో ఒకరు ఇచ్చిపుచ్చుకుంటూ బతికారు. అందరినీ ఒక్క గోడలోకి, ఒక్క రాజు కిందికి తేవాల్సిన అవసరం వాళ్ళకు కలగలేదు అని. ఇది ప్రతిపాదనే, దీని మీద వాదనలు ఉన్నాయి. అయినా శతాబ్దాల పాటు సాగిన ఇంత పెద్ద ఊరిలో పైనుంచి శాసించే అధికారానికి గుర్తులు ఇంత తక్కువగా ఉండడం మామూలు విషయం కాదు. నగరం ఉంటే రాజు ఉండి తీరాలన్న పాఠ్యపుస్తకాల సూత్రాన్ని ఈ దిబ్బలు గట్టిగా ప్రశ్నిస్తాయి.

క్రీ.శ. 1400 ప్రాంతానికి జెన్నే-జెనో ఖాళీ అయింది. జనం పక్కనున్న నేటి జెన్నేకు మారారు. అక్కడి నుంచి ధాన్యం పడవల మీద ఉత్తరాన ఉన్న టింబక్టూకు వెళ్ళేది.

ఒంటె ఆగిన చోట పడవ

టింబక్టూ సుమారు 1100 ప్రాంతంలో తువారెగ్ సంచారుల మకాంగా మొదలైంది. నైజర్ నది ఉత్తరానికి వచ్చి, ఎడారి అంచును తాకి, మళ్ళీ దక్షిణానికి తిరిగే వంపు దగ్గర ఉంది. సహారా లోపల తగాజా గనుల నుంచి ఉప్పు పలకలు ఒంటెల మీద ఇక్కడికి వచ్చేవి. దక్షిణాన బంబూక్, బూరె ప్రాంతాల బంగారం, జెన్నే ధాన్యం పడవల మీద వచ్చేవి. ఒంటె నదిలో దిగదు, పడవ ఇసుకలో నడవదు. సరుకు దింపి మళ్ళీ ఎక్కించాల్సిన ఆ ఒక్క చోటే గోదాములు, మధ్యవర్తులు, సత్రాలు, చివరికి పాఠశాలలు వెలిశాయి. 1352లో తగాజా మీదుగా వెళ్ళిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడి ఇళ్ళు ఉప్పు దిమ్మెలతో కట్టి ఒంటె తోళ్ళు కప్పినవని రాశాడు.

మాలి చక్రవర్తి మన్సా మూసా 1324లో మక్కా వెళ్తూ కైరోలో పంచిన బంగారం కథ అందరూ చెప్పేదే. ఆ ధాటికి కైరోలో బంగారం ధర పడిపోయిందనీ, పన్నెండేళ్ళ తర్వాత కూడా కోలుకోలేదనీ అరబ్బు రచయిత అల్-ఉమరీ రాశాడు. 1375 నాటి కాటలన్ మ్యాపులో చేతిలో బంగారు ముద్ద పట్టుకున్న రాజుగా మూసా బొమ్మ ఉంది. అయితే ఈ బంగారం కథ ఎంత ఆకర్షించినా, టింబక్టూ గురించి అంతకంటే ముఖ్యమైన సంగతిని అది కప్పేస్తోంది. ఆ ఊళ్ళో పుస్తకం బంగారంతో పోటీ పడింది. 16వ శతాబ్దపు యాత్రికుడు లియో ఆఫ్రికానస్, అక్కడ చేతిరాత పుస్తకాల వ్యాపారంలో వచ్చే లాభం మిగతా ఏ సరుకులోనూ రాదని రాశాడు. సాంకోరే మసీదు చుట్టూ గురువులు తమ ఇళ్ళలోనే చదువు చెప్పేవారు. ధర్మశాస్త్రం, వ్యాకరణం, ఖగోళం, వైద్యం, గణితం, వ్యాపార పత్రాలు, అన్నీ రాసుకున్నారు. అరబ్బీలోనే కాదు, అరబ్బీ లిపిలో స్థానిక భాషల్లో కూడా రాశారు.

1591లో మొరాకో సైన్యం తుపాకులతో ఎడారి దాటి వచ్చి తొండిబీ దగ్గర, అప్పటికి టింబక్టూను ఏలుతున్న సొంఘాయ్ రాజ్యాన్ని ఓడించింది. కొన్నేళ్ళకు టింబక్టూ పండితులను సంకెళ్ళు వేసి మర్రాకేష్ తీసుకెళ్ళారు. వాళ్ళలో అహ్మద్ బాబా అనే పండితుడు ఉన్నాడు. తన దగ్గర లాక్కున్న పుస్తకాలు 1,600 అనీ, తన బంధువులందరిలో తనదే చిన్న గ్రంథాలయమనీ ఆయన చెప్పుకున్నాడు. యూరప్‌లో అచ్చుయంత్రం వచ్చి అప్పటికి 150 ఏళ్ళే. ఒక్క ఊళ్ళో, అదీ చేతిరాత పుస్తకాల కాలంలో, ఒక్క కుటుంబంలో ఇన్ని పుస్తకాలు ఉన్నాయంటే ఆ చదువుల స్థాయిని ఊహించుకోవచ్చు. ఆ పుస్తకాల్లో కొన్ని ఇళ్ళలో పెట్టెల్లో తరాల పాటు దాగాయి. 2012లో సాయుధ ముఠాలు ఊరిని ఆక్రమించినప్పుడు టింబక్టూ వాసులే వేల రాతప్రతులను రహస్యంగా మాలి రాజధాని బమాకోకు తరలించి కాపాడారు.

ఇదే అంచున తూర్పుకు పోతే, నేటి ఉత్తర నైజీరియాలో కానో ఉంది. ఇది ముఖ్యంగా చేతిపనుల నగరం. చుట్టుపక్కల పత్తి పండేది, నేతగాళ్ళు నేసేవారు, నీలిమందు గుంతల్లో రంగు అద్దేవారు. 1851లో వెళ్ళిన జర్మన్ యాత్రికుడు హైన్రిక్ బార్త్, ఊళ్ళో 30,000 మంది ఉంటారనీ, వ్యాపారం ఊపందుకునే నెలల్లో అది 60,000 అవుతుందనీ అంచనా వేశాడు. కానో బట్ట ఎంతెంత దూరం వెళ్తోందో ఆయన ఆశ్చర్యంతో రాశాడు. అప్పటికి బ్రిటిష్ పాలన అక్కడికి రావడానికి ఇంకా అర్ధ శతాబ్దం ఉంది.

ఈ ప్రాంతపు సంతల్లో చిల్లరగా నడిచినవి గవ్వలు. మన పిల్లలు ఆడుకునే గవ్వల్లాంటివే. అవి చాలావరకు హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల నుంచి వెళ్ళాయి. మాల్దీవుల్లో న్యాయాధికారిగా పనిచేసిన ఇబ్న్ బతూతా, తర్వాత మాలి రాజ్యంలో అవే గవ్వలు డబ్బుగా చెల్లడం కళ్ళారా చూశాడు.

గాలి తెచ్చిన ఓడలు

తూర్పు తీరానికి వెళ్తే మనకు బాగా తెలిసిన గాలులే కనిపిస్తాయి. చలికాలంలో ఈశాన్య రుతుపవనాలు అరేబియా, భారత తీరాల నుంచి ఓడలను ఆఫ్రికా తీరానికి తోస్తాయి. తర్వాత నైరుతి గాలులు వాటిని తిరిగి తీసుకొస్తాయి. గాలి మారేదాకా వర్తకుడు అక్కడ నెలల తరబడి ఆగాల్సిందే. అలా ఆగినవాళ్ళకు ఇల్లు, పూచీ, నమ్మకమైన మధ్యవర్తి కావాలి. మొగదిషు, లాము, మాలింది, మొంబాసా, కిల్వా వంటి స్వాహిలి నగరాలు వాళ్ళకు వీటన్నిటినీ సమకూర్చాయి.

నేటి దక్షిణ టాంజానియా తీరాన చిన్న దీవిలో ఉన్న కిల్వా వీటిలో మేటి. జింబాబ్వే పీఠభూమి బంగారం సోఫాలా రేవుకు చేరేది. ఆ రేవు వ్యాపారాన్ని కిల్వా తన చేతిలోకి తెచ్చుకుంది. పగడపు రాయి, సున్నంతో ఇళ్ళు, మసీదులు కట్టుకున్నారు. అక్కడి సుల్తానులు తమ పేరు మీద రాగి నాణేలు వేయించారు. 14వ శతాబ్దం మొదట్లో సుల్తాన్ అల్-హసన్ బిన్ సులైమాన్ కొండ అంచున హుసునీ కుబ్వా అనే భవనం కట్టించాడు. వందకు పైగా గదులు, సముద్రం వైపు చూసే అష్టభుజి స్నానాల కొలను, సరుకు కోసం విశాలమైన ముంగిళ్ళు. 1331లో అక్కడికి వెళ్ళిన ఇబ్న్ బతూతా, తాను చూసిన అందమైన నగరాల్లో అది ఒకటని మెచ్చుకున్నాడు. అక్కడి జనంలో ఎక్కువమంది నల్లవాళ్ళనీ, ముఖాల మీద గాట్లు ఉంటాయనీ కూడా రాశాడు.

ఆ చివరి మాటను వలసకాలపు చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. స్వాహిలి నగరాలు పర్షియన్లు, అరబ్బులు కట్టిన వలస స్థావరాలని చాలాకాలం రాశారు. మట్టి పొరలు వేరే కథ చెప్పాయి. కెన్యా తీరంలోని షాంగాలో రాతి మసీదు కింద తవ్వుతూ పోతే, 8వ శతాబ్దం నాటి చిన్న కర్ర మసీదు ఆనవాళ్ళు దాకా వచ్చాయి. దాని చుట్టూ ఉన్నది ఆఫ్రికన్ పద్ధతి గుడిసెల ఊరు. అంటే ఊరు ముందు ఉంది, మతం తర్వాత వచ్చింది, రాయి ఇంకా తర్వాత వచ్చింది. 2023లో వెలువడిన జన్యు అధ్యయనం ఆ తీరంలో సమాధి చేసిన 80 మంది డీఎన్ఏ చూసింది. క్రీ.శ. 1000 ప్రాంతం నుంచి ఆసియా మగవాళ్ళు, ముఖ్యంగా పర్షియన్లు, ఆఫ్రికన్ ఆడవాళ్ళు కలిసి కుటుంబాలు ఏర్పడ్డాయని తేలింది. చాలామందిలో సగానికి పైగా వారసత్వం ఆఫ్రికన్ తల్లుల వైపు నుంచే వచ్చింది. భాష అయితే మొదటి నుంచీ ఆఫ్రికాకే చెందిన బంటు కుటుంబపు స్వాహిలియే. పర్షియా నుంచి పూర్వీకులు వచ్చారని స్వాహిలి కుటుంబాలు చెప్పుకున్న కథలు పూర్తిగా కట్టుకథలు కావు. బయటివాళ్ళు వచ్చి అంతా కట్టిపెట్టారన్నది మాత్రం కట్టుకథే.

ఈ వ్యాపారంలో భారతదేశం వాటా పెద్దది. గుజరాత్ నూలు బట్టలు, దక్షిణ భారతంలో తయారైన చిన్న గాజు పూసలు ఆఫ్రికా లోతట్టు ఊళ్ళ దాకా వెళ్ళాయి. పోర్చుగీసువాళ్ళు సోఫాలాలో బంగారం కొనబోతే గుజరాత్‌లోని ఖంబాయత్ బట్ట లేకుండా బేరమే కుదరలేదు. ఆఫ్రికన్ కొనుగోలుదారుకు ఏది కావాలో, ఏది అక్కర్లేదో బాగా తెలుసన్న మాట. అంతకు వెయ్యేళ్ళ ముందు కూడా ఎర్రసముద్రం ఒడ్డున అదూలిస్ రేవు గల అక్సుమ్ రాజ్యం ఇలాగే సముద్ర వ్యాపారంతో ఎదిగింది. సొంతంగా బంగారు నాణేలు వేయించింది. 33 మీటర్ల ఏకశిలా స్తంభం చెక్కించింది. 4వ శతాబ్దంలో ఎజానా రాజు కాలంలో క్రైస్తవం స్వీకరించింది. ఇథియోపియాలోని దెబ్రె దామో మఠం దగ్గర కుషాణుల బంగారు నాణేల మూట దొరికింది.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా దక్కనుకు వచ్చి, అహ్మద్‌నగర్ రాజ్యానికి దిక్కుగా నిలిచిన మాలిక్ అంబర్ 1610 ప్రాంతంలో ఖడ్కీ నగరాన్ని స్థాపించాడు. అదే తర్వాత ఔరంగాబాద్ అయింది. అక్కడికి నేల కింది కాలువల్లో నీళ్ళు తెప్పించిన ఘనత ఆయనది. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ బస్తీ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం నుంచి వచ్చింది. రోజూ ఆ దారిన ఆఫీసులకు వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

సున్నం లేని గోడలు, కట్టినవాళ్ళ పేరు లేని చరిత్ర

ఇక గ్రేట్ జింబాబ్వే. 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా వెలిగిన ఈ నగరం సుమారు 7 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుని ఉంది. ఇక్కడి నల్లరాతి కొండలు ఎండకూ చలికీ పలకలుగా విడిపోతాయి. ఆ పలకలను ఇటుకల్లా కొట్టి, సున్నం గానీ మట్టి గానీ లేకుండా వరసలు పేర్చారు. పెద్ద ప్రాకారం చుట్టుకొలత 250 మీటర్లు. ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు, మందం 5 మీటర్ల దాకా ఉంది. కాపలా బురుజులు లేవు. శత్రువును ఆపడానికి కట్టిన కోట కాదది. లోపలివాళ్ళ గొప్పను బయటికి చాటడానికీ, వాళ్ళను మరుగులో ఉంచడానికీ కట్టిన గోడ. ఆ గోడల మధ్యా చుట్టూ మట్టి ఇళ్ళల్లో జనం ఉండేవారు. మట్టి కరిగిపోయింది, రాయి మిగిలింది. చూసేవాళ్ళు రాయిని మాత్రమే నగరం అనుకున్నారు.

ఈ నగర బలం ముందు పశువుల్లో ఉంది, తర్వాత బంగారంలో. ఎండాకాలం మందలను దిగువ నేలలకు తోలి, వానల తర్వాత పీఠభూమికి తెచ్చుకునేవారు. మందలు ఎవరి చేతిలో ఉంటే పలుకుబడి వాళ్ళది. తవ్వకాల్లో చైనా పింగాణీ, పర్షియా గిన్నె ముక్క, గాజు పూసలు, కిల్వా సుల్తాన్ అల్-హసన్ వేయించిన ఒక నాణెం దొరికాయి. జనాభా 18,000 నుంచి 20,000 అని చాలాకాలం రాశారు. ఇటీవలి లెక్కలు దాన్ని 10,000 లోపుకే కుదిస్తున్నాయి. ఈ తగ్గింపు నగరానికి చిన్నతనమేమీ కాదు. పొగడ్త కోసం అంకెలు పెంచడం కూడా చరిత్రకు అన్యాయమే. ఇంతకంటే ఆసక్తి కలిగించేది నీటి సంగతి. ఇళ్ళకు మట్టి తీసిన గుంతలను వాననీటి, ఊటనీటి నిల్వకు వాడుకున్నారని ఈ మధ్య పరిశోధకులు గుర్తించారు. పాత తవ్వకాల ధ్యాసంతా బంగారం మీదే ఉండడంతో ఈ గుంతలు ఎవరికీ పట్టలేదు.

1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ ఆ శిథిలాలు చూసి, ద్వారబంధం కర్ర ముక్క వాసన తన పెన్సిల్ వాసనలా ఉంది కాబట్టి అది లెబనాన్ దేవదారు, కాబట్టి ఇది బైబిల్లోని షేబా రాణి కట్టించిందని తీర్మానించాడు. ఆ కర్ర అక్కడి అడవిదే. బ్రిటిష్ వలసవాది సెసిల్ రోడ్స్ కంపెనీ ఆ నేలను ఆక్రమించాక ఈ ఊహ రాజకీయ అవసరమైపోయింది. పూర్వం ఎవరో తెల్లవాళ్ళు ఇక్కడ ఏలారంటే, ఇప్పుడు వచ్చినవాళ్ళు వారసులమని చెప్పుకోవచ్చు. 1902 నుంచి రెండేళ్ళ పాటు రిచర్డ్ హాల్ అనే అధికారి ఆ స్థలాన్ని 'శుభ్రం' చేశాడు. ఆఫ్రికన్లు నివసించిన పొరలను చెత్తగా భావించి మీటర్ల లోతున తవ్వి పారేశాడు. ఏ సాక్ష్యం ఎవరు కట్టారో చెప్పగలదో అదే పోయింది. ఆఫ్రికా పురావస్తు చరిత్రలో ఇంతకంటే బాధ కలిగించే ఘట్టం అరుదు.

1905లో డేవిడ్ రాండల్-మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ మిగిలిన పొరలను జాగ్రత్తగా తవ్వి, ఇది పూర్తిగా ఆఫ్రికన్ల పనేనని తేల్చారు. శాస్త్రం తరఫున వివాదం అక్కడితో ముగిసింది. ప్రభుత్వం తరఫున ముగియలేదు. 1965లో ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రొడీషియా (నేటి జింబాబ్వే) తెల్ల ప్రభుత్వం, కట్టినవాళ్ళు ఆఫ్రికన్లని రాసే పుస్తకాల మీద ఒత్తిడి తెచ్చింది. నిజం చెప్పిన పీటర్ గార్లేక్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. 1980లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశం ఆ శిథిలాల పేరే పెట్టుకుంది. అక్కడ దొరికిన బలపపు రాతి పక్షి జాతీయ జెండా మీదికి ఎక్కింది.

మట్టి కట్టలు, ఇత్తడి జ్ఞాపకాలు

పశ్చిమాఫ్రికా అడవుల్లోని బెనిన్ కథలో నగరాన్ని చూడలేకపోవడం అనే సమస్య మొదట్లో లేదు. నేటి నైజీరియాలోని ఈ ఎడో ప్రజల రాజధానికి 15వ శతాబ్దం చివర్లో పోర్చుగీసువాళ్ళు వచ్చి, చూసి, గౌరవంగా వ్యాపారం చేశారు. 1691లో లౌరెన్సో పింటో అనే ఓడ కెప్టెన్, బెనిన్ తమ లిస్బన్ కంటే పెద్దదనీ, వీధులు తిన్నగా కనుచూపు మేర సాగుతాయనీ రాశాడు. 15వ శతాబ్దంలో ఎవుఆరె అనే ఒబా, అంటే రాజు, నగరాన్ని కొత్త పద్ధతిలో తీర్చిదిద్దినట్టు ఎడో సంప్రదాయం చెబుతుంది. చుట్టూ లోతైన అగడ్త, తవ్విన మట్టితోనే ఎత్తైన కట్ట. అగడ్త అడుగు నుంచి కట్ట పైదాకా కొన్నిచోట్ల 17 మీటర్లు. బయట పల్లెల చుట్టూ, వాటి పొలాల చుట్టూ ఇలాంటి కట్టలే ఒకదానితో ఒకటి అల్లుకుని, మొత్తం పొడవు వేల కిలోమీటర్లు ఉంటుందని కొలిచినవాళ్ళ అంచనా. ఇవన్నీ ఒక రాజు ఆజ్ఞతో ఒకేసారి లేచినవి కావు. శతాబ్దాల పాటు ఒక్కో పల్లె తన ఎల్లను తాను తవ్వుకుంటూ పోయింది.

నగరంలో వృత్తుల వారీగా వీధులు ఉండేవి. ఇగున్ వీధిలో ఇత్తడి పోతపనివాళ్ళు. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసేవారు. పోర్చుగీసువాళ్ళు సరుకుకు బదులిచ్చిన ఇత్తడి కడియాలను కరిగించి రాజభవన స్తంభాలకు పలకలు పోశారు. ఆ పలకల మీద రాజులు, సేనానులు, వేడుకలు, పోర్చుగీసు సైనికులు కూడా ఉన్నారు. లిపి లేని చోట అవే దస్తావేజులు.

బెనిన్ గురించి చెప్పేటప్పుడు బానిసల సంగతి దాటేయకూడదు. ఆ సమాజంలో బానిసలు ఉన్నారు, యుద్ధ ఖైదీలను అమ్మారు. అయితే 16వ శతాబ్దం మొదట్లో ఒబాలు మగ బానిసల ఎగుమతిని ఆపేశారు. ఆ ఆంక్ష 17వ శతాబ్దం చివరి దాకా కొనసాగింది. పనిచేసే చేతులు ఊళ్ళోనే ఉండాలన్నది వాళ్ళ లెక్క. ఇంత నియంత్రణ అందరికీ సాధ్యం కాలేదు. కాంగో రాజు మొదటి అఫోన్సో 1526లో పోర్చుగల్ రాజుకు రాసిన ఉత్తరంలో, తన మనుషులను, చివరికి గొప్ప ఇళ్ళ పిల్లలను కూడా వర్తకులు ఎత్తుకుపోతున్నారనీ, దేశం ఖాళీ అవుతోందనీ మొరపెట్టుకున్నాడు. ఆ ఉత్తరాల తర్వాత కూడా వ్యాపారం మూడు శతాబ్దాలు సాగింది.

బెనిన్‌కు చివరి దెబ్బ 1897లో తగిలింది. రావద్దని చెప్పినా వినకుండా వెళ్ళిన బ్రిటిష్ బృందం మీద జనవరిలో దాడి జరిగింది. ఫిబ్రవరిలో సుమారు 1,200 మంది సైన్యం వచ్చి నగరాన్ని పట్టుకుంది. మంటల్లో ఊరు చాలావరకు కాలిపోయింది. ఒబా ఒవొన్‌రామ్‌వెన్‌ను కలబార్‌కు ప్రవాసం పంపారు. వేల కళాఖండాలను దోచి యూరప్ మ్యూజియాలకు అమ్మారు. ఒక్క బ్రిటిష్ మ్యూజియంలోనే నేటికీ 900కు పైగా ఉన్నాయి. ఆ ఇత్తడి పనితనం చూసి యూరప్ నోరెళ్ళబెట్టింది, వెంటనే ఇది ఆఫ్రికన్ల పనేనా అని అనుమానపడింది. పక్కనే ఉన్న ఇఫే నగరపు శిల్పాలు చూసి 1910లో జర్మన్ పరిశోధకుడు లియో ఫ్రోబేనియస్ ఏకంగా గ్రీకు కథల్లో సముద్రంలో మునిగిపోయిన అట్లాంటిస్ దీవిని గుర్తుచేసుకున్నాడు. 2022లో జర్మనీ తన మ్యూజియాల్లోని వెయ్యికి పైగా బెనిన్ వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకు బదిలీ చేసే ఒప్పందం చేసుకుంది.

ఎలా ముగిశాయి

ఈ నగరాలు ఎందుకు అంతరించాయన్న ప్రశ్నకు ఒకే జవాబు చెప్పడం తప్పుదారి పట్టిస్తుంది. గ్రేట్ జింబాబ్వే, జెన్నే-జెనోలను ఏ యూరోపియన్ సైన్యమూ కూల్చలేదు. దారులు మారాయి, అధికారం ఖామీకి, ముతాపాకు, నేటి జెన్నేకు తరలింది. ప్రపంచంలో ఎన్నో రాజధానులు ఇలాగే వెలవెలబోయాయి. కిల్వా సంగతి అలా కాదు. 1505లో ఫ్రాన్సిస్కో ద అల్మేదా నౌకాదళం దాన్ని దోచుకుంది. ఆ తర్వాత పోర్చుగీసువాళ్ళు బంగారం దారిని బలవంతంగా తమవైపు తిప్పుకోబోయారు గానీ, దాన్ని నడిపిన స్థానిక నమ్మకాలు వాళ్ళ చేతికి రాలేదు. టింబక్టూను తుపాకులు దెబ్బతీశాయి, బెనిన్‌ను నిప్పు. కానో అయితే అంతరించనే లేదు, నేడు లక్షల మంది ఉండే మహానగరం. వాటన్నిటినీ 'పోయిన వైభవం' అనే ఒక్క గాటన కట్టేస్తే, తమంతట తాము మారినవేవో, బలవంతంగా ఎవరో ఆపేసినవేవో తేడా తెలియకుండా పోతుంది.

ఇంకా దొరకాల్సింది చాలా ఉంది. జొహానెస్‌బర్గ్‌కు దక్షిణాన గడ్డి, పొదలు కప్పేసిన రాతి గోడలు కొన్ని ఉన్నాయని దశాబ్దాలుగా తెలుసు. వాటిని విడివిడి పల్లెలుగానే చూశారు. ఇటీవల విమానం నుంచి లేజర్ కిరణాలతో నేలను స్కాన్ చేసినప్పుడు పొదల కింద దాగిన గోడలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. సుమారు 800 ఇళ్ళ ఆవరణలు, పశువుల దొడ్లు, వాటి మధ్య గోడలు కట్టిన దారులతో అది ఒకే నగరమని తేలింది. పేరు క్వెనెంగ్. త్స్వానా మాట్లాడేవాళ్ళు 15వ శతాబ్దం నుంచి 1820ల యుద్ధాల దాకా అక్కడ ఉన్నారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఆ దేశంలోనే ఉన్నారు. ఇప్పుడు ఆ దొడ్లలోని పశువులు ఎన్ని, అవి ఎవరివి, ఆ దారుల్లో ఎవరు ఎటు నడిచారు అని పరిశోధకులు తవ్వి చూడడం మొదలుపెట్టారు.